యమహా ఆర్‌డి 350 బైక్ ఇంజిన్ విప్పే ముందు జాగ్రత్తలు

స్పానర్ పట్టకముందు ఒకసారి స్టార్ట్ చేసి పొగ చూడండి. కుడివైపు క్రాంక్ సీల్ (క్రాంక్‌షాఫ్ట్ చివర ఆయిల్, గాలి లోపలికి రాకుండా ఆపే రబ్బరు రింగు) పోతే గేర్ ఆయిల్ లోపలికి లాగుతుంది, తెల్లపొగ ఆగదు. ఎడమది పోతే గాలి చొరబడి పెట్రోల్-గాలి మిశ్రమం పలచబడుతుంది, పిస్టన్ కాలుతుంది. పొగ కనిపించదు కాబట్టి ఇదే ప్రమాదం.

తర్వాత పెట్రోల్ దించేయండి, బ్యాటరీ నెగటివ్ వైరు ముందు తీయండి. గాలి ఆడని సెల్లార్‌లో ఈ పని వద్దు.

సిలిండర్ హెడ్ (సిలిండర్ పైమూత) నట్లు ఇంజిన్ పూర్తిగా చల్లారాకే, ఎదురెదురుగా, పావు తిప్పు చొప్పున వదులు చేయండి. లేదంటే హెడ్ వంగుతుంది.

చెన్నై పుదుపేట మార్కెట్‌లో పాత భాగాల కోసం తిరిగేవాళ్లు, ఇంజిన్ నంబరు చెరిపిన క్రాంక్‌కేస్ (ఇంజిన్ కింది పెట్టె) ఎంత చవకైనా ముట్టుకోవద్దు. ఇంజిన్ మారిస్తే ఆర్‌సీలో నమోదు తప్పదు.

బిగించాక ఆయిల్ పంప్‌లో గాలి తీయకుండా కిక్ కొట్టారో, ఆయిల్ అందక పిస్టన్ పట్టేస్తుంది.