కోత కనిపిస్తుంది, జమ చూసుకోవాలి: అమెరికాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన మన డెల్టా పిల్లలకు

మాది కోనసీమలో కాలువ చిట్టచివరి ఊరు. బొబ్బర్లంక తూముల నుంచి మధ్య డెల్టాకు నీళ్లు వదిలారని పేపర్లో వచ్చిన రోజున పై ఊళ్లవాళ్లు నారుమళ్లకు సిద్ధమయ్యేవారు. నాన్నగారు మాత్రం పేపరు మడిచి పక్కన పెట్టి, సైకిలు తీసుకుని గట్టు వెంబడి బయలుదేరేవారు. దారిలో ఏ తూము దగ్గర ఎంత నీరు నిలిచిందో, లస్కరు వంతు ప్రకారం వదిలాడో లేదో, మా బోదెలోకి తడి వచ్చిందో లేదో కళ్లతో చూసి గాని ఇంటికి వచ్చేవారు కారు. దాళ్వాలో అయితే రాత్రిళ్లు కూడా వెళ్లేవారు. శివారు రైతుకు నీళ్లు వదిలారన్న కబురుతో పని జరగదు.

అమెరికాలో మీ మొదటి జీతం కాగితం చేతికి వచ్చినప్పుడు ఇదే గుర్తు పెట్టుకోండి. ఆ కాగితం మీద సోషల్ సెక్యూరిటీ అని, అంటే అక్కడి ప్రభుత్వ పింఛను పథకానికి, ఒక కోత కనిపిస్తుంది. అది ఎగువన నీళ్లు వదిలినట్టు. మీ పేరు మీద, మీ నంబరు కింద ఆ సంపాదన నమోదైందా అన్నది వేరే చోట, వేరే పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకం ఇప్పుడు ఫోనులోనే తెరిచి చూసుకోవచ్చు. పద్నాలుగేళ్లు అక్కడ పనిచేసి ఊరికి తిరిగి వచ్చాను. విమానం ఎక్కే ముందు మా ఇంటికి వచ్చే పిల్లలు చలికోటు గురించి, కుక్కరు గురించి, ఆవకాయ సీసా ఎలా కట్టాలన్న దాని గురించి అడుగుతారు. ఈ పుస్తకం గురించి ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. అందుకే రాస్తున్నాను.

ముందు కోత లెక్క. హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద పనిచేసేవారి జీతంలో సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్ అనే వృద్ధుల ఆరోగ్య బీమాకు 1.45 శాతం తీసుకుంటారు. కంపెనీ కూడా తన వంతుగా అంతే కడుతుంది. నెలకు 6,000 డాలర్లు వచ్చేవారికి మొదటిది 372, రెండోది 87 డాలర్లు. రెండూ కలిపి 459. ఇది చిన్న సొమ్ము కాదు. సోషల్ సెక్యూరిటీ కోతకు ఏటా ఒక పరిమితి ఉంటుంది. 2025లో అది 1,76,100 డాలర్లు. అంతకు మించిన జీతం మీద 6.2 శాతం పడదు. మెడికేర్‌కు అలాంటి పరిమితి లేదు.

చదువు పూర్తి చేసి ఓపీటీ (విద్యార్థి వీసా మీదే కొంతకాలం పనిచేసే అనుమతి) మీద ఉద్యోగం చేస్తున్నవారి సంగతి వేరు. ఎఫ్-1 వీసాతో వచ్చిన విద్యార్థులకు సాధారణంగా మొదటి ఐదు క్యాలెండర్ సంవత్సరాల్లో ఈ రెండు కోతలూ ఉండకూడదు. కాబట్టి ఆ సంవత్సరాల ఎదురుగా రికార్డులో సున్నా కనిపిస్తే కంగారు పడకండి. అది సరైన సున్నా. కంగారు పడవలసింది జీతం కాగితంలో కోత కనిపించినప్పుడు. చిన్న కంపెనీల్లో జీతాలు చూసేవారికి ఈ మినహాయింపు తెలియక అందరితో పాటు మీకూ కోసేస్తారు. ముందు కంపెనీనే అడగండి, వెనక్కి ఇవ్వగలరు. వారు ఇవ్వకపోతే 843 నంబరు ఫారం, దానితో పాటు 8316 ఫారం నింపి అక్కడి పన్నుల శాఖ ఐఆర్ఎస్‌కు పంపాలి. నాలుగైదు వందల డాలర్లే కదా అని వదిలేసిన పిల్లలను చూశాను. నెలకు నాలుగైదు వందలంటే ఏడాదికి ఎంతో లెక్క వేయండి. ఇక్కడ అమ్మానాన్నలు మీ చదువు కోసం కొబ్బరితోట తాకట్టు పెట్టి తెచ్చిన అప్పుకు ఆ డబ్బుతో ఎన్ని నెలల వడ్డీ తీరుతుందో కూడా లెక్క వేయండి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన మాట, పేరు. మన తెలుగువారికి ఇది పెద్ద చిక్కు. ఇంటిపేరు ముందు, అసలు పేరు తర్వాత. ఆ అసలు పేరులోనే వెంకట, సత్య, సూర్య అని మూడు నాలుగు ముక్కలు. కొందరి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటుంది. అలాంటివారి వీసా మీద మొత్తం పేరు ఇంటిపేరు చోటికి వెళ్లి, మొదటి పేరు ఉండవలసిన చోట ఎఫ్ఎన్‌యూ అన్న మూడు అక్షరాలు అచ్చవుతాయి. మొదటి పేరు తెలియదని దాని అర్థం. తల్లిదండ్రులు ముహూర్తం చూసి, బియ్యంలో రాయించి పెట్టిన పేరు పరాయి దేశపు కాగితం మీద తెలియదని తేలుతుంది. బ్యాంకులో ఒక రకంగా, డ్రైవింగ్ లైసెన్స్ మీద మరో రకంగా, కంపెనీ కాగితాల్లో ఇంకో రకంగా పేరు చెలామణి అవుతుంది. ఏడాది చివర కంపెనీ మీ సంపాదన వివరాలు డబ్ల్యూ-2 అనే కాగితం ద్వారా పంపినప్పుడు, అందులోని పేరూ నంబరూ సోషల్ సెక్యూరిటీ వారి దగ్గరున్న వాటితో కలవకపోతే ఆ సంపాదన మీ ఖాతాలో పడదు. ఎవరివో తేలని సంపాదనలన్నిటినీ ఉంచే విడి ఖాతాలోకి వెళ్తుంది. మీ జీతంలో కోత మాత్రం యథావిధిగా పడుతూనే ఉంటుంది.

నాకు జరిగింది ఇదే. రెండో ఉద్యోగంలో చేరినప్పుడు నా పేరును కంపెనీవారు తమకు తోచినట్టు రెండు ముక్కలు చేసి రాసుకున్నారు. నేను పట్టించుకోలేదు. 2016 ఫిబ్రవరిలో ఒక స్నేహితుడు చెబితే రికార్డు తెరిచాను. 2012 సంవత్సరం ఎదురుగా సున్నా! ఆ ఏడాది పన్నెండు నెలలూ పనిచేశాను, పన్నెండు నెలలూ కోత పడింది. రికార్డు సరిచేయించుకోవడానికి గడువు, సంపాదించిన ఏడాది ముగిశాక మూడేళ్ల మూడు నెలల పదిహేను రోజులు. అంటే 2016 ఏప్రిల్ 15. కొన్ని సందర్భాల్లో ఆ గడువు దాటినా సరిచేస్తారు గాని, ఆ దారి కష్టం. నా దగ్గర ఆ ఏటి డబ్ల్యూ-2 లేదు. చెల్లెలి పెళ్లికి వచ్చినప్పుడు సూట్‌కేసులో తెచ్చి ఇక్కడే బీరువాలో వదిలేశాను. నాన్నగారు కళ్లద్దాలు పెట్టుకుని అరలన్నీ వెతికి, పెళ్లి శుభలేఖల మధ్య నుంచి ఆ కాగితం తీసి, ఎదురింటి కుర్రాడి చేత వాట్సాప్‌లో ఫోటో పంపించారు. దానితో వెళ్లి సరిచేయించుకున్నాను. ఆయన కాగితాలు పారేసే మనిషి అయ్యుంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

కాబట్టి ఉద్యోగంలో చేరిన మొదటి రోజే సోషల్ సెక్యూరిటీ కార్డు మీద పేరు ఏ వరుసలో, ఏ అక్షరాలతో అచ్చయిందో అదే వరుసలో, అవే అక్షరాలతో కంపెనీ కాగితాల్లో రాయించండి. వాళ్లు తప్పు రాస్తే మొహమాటపడకుండా చెప్పండి. ఇంకా బయలుదేరని వారు ఇక్కడే పాస్‌పోర్టులో ఇంటిపేరు, పేరు విడివిడిగా ఉండేలా సరిచేయించుకుంటే సగం చిక్కు తీరిపోతుంది. కార్డును పర్సులో పెట్టుకుని తిరగవద్దు, ఇంట్లో దాచండి. ఆ తొమ్మిది అంకెలు ఎవరికీ వాట్సాప్‌లో పంపవద్దు.

ఫోనులో చూసే పద్ధతి కష్టమేమీ కాదు. దీని కోసం యాప్ వెతుక్కోనక్కరలేదు. ఫోనులోని బ్రౌజర్‌లోనే సోషల్ సెక్యూరిటీ వారి వెబ్‌సైటు ఎస్ఎస్ఎ డాట్ గవ్ తెరవండి. చిరునామా చివర గవ్ అని ఉందో లేదో ఒకసారి సరిచూసుకోండి. అందులో మై సోషల్ సెక్యూరిటీ అనే ఖాతా తెరవాలి. నేరుగా కాకుండా లాగిన్ డాట్ గవ్ గాని, ఐడీ డాట్ మీ గాని ద్వారా ప్రవేశించాలి. అక్కడ మీరు మీరేనని రుజువు చేసుకోవలసి ఉంటుంది. మామూలుగా డ్రైవింగ్ లైసెన్స్ లేదా రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డును రెండు వైపులా ఫోటో తీయమంటుంది. అందుకే వచ్చిన కొత్తలో ఇది పూర్తి కాకపోవచ్చు. ముందు లైసెన్సు తెచ్చుకోండి, తర్వాత ఖాతా తెరవండి. అప్పటికీ కుదరకపోతే దగ్గరలోని సోషల్ సెక్యూరిటీ కార్యాలయానికి వెళ్లవచ్చు, లేదా 1-800-772-1213కు ఫోను చేయవచ్చు. ఫోటో తీసేటప్పుడు కార్డును ముదురు రంగు గుడ్డ మీద పెట్టి, పగటి వెలుతురులో తీయండి. రాత్రి దీపం కింద తీస్తే కార్డు మీద మెరుపు పడి మళ్లీ మళ్లీ తిరస్కరిస్తుంది.

ఈమెయిలు మాత్రం మీ సొంతది ఇవ్వండి. కాలేజీది, కంపెనీది ఇస్తే అక్కడి నుంచి బయటికి వచ్చిన రోజున ఖాతా తలుపు మూసుకుపోతుంది.

లోపలికి వెళ్లాక సంపాదన రికార్డు అన్న చోట సంవత్సరాల వారీగా పట్టిక ఉంటుంది. నెలల వారీగా ఉండదు. ప్రతి ఏటికీ రెండు అంకెలు: ఒకటి సోషల్ సెక్యూరిటీ పన్ను పడిన సంపాదన, రెండోది మెడికేర్ పన్ను పడిన సంపాదన. ఈ ఏడాది సంపాదన ఈ ఏడాదే కనిపించదు. కంపెనీలు జనవరి చివరికి డబ్ల్యూ-2 పంపాలి. అవి రికార్డుకు ఎక్కడానికి ఇంకొన్ని నెలలు పడుతుంది. ఫిబ్రవరిలో చూసి నిరుటి అంకె లేదని బెంబేలు పడకండి. నేనైతే ప్రతి ఏటా దసరా రోజుల్లో చూసుకునేవాణ్ణి. ఆయుధపూజ నాడు నాన్నగారు కొడవళ్లకు, నాగలికి బొట్టు పెడుతుంటే నేను అక్కడ లెక్కల కాగితాలు ముందేసుకుని కూర్చునేవాణ్ణి.

పోల్చేటప్పుడు డబ్ల్యూ-2లో 3వ గడిని సోషల్ సెక్యూరిటీ అంకెతో, 5వ గడిని మెడికేర్ అంకెతో పోల్చాలి. చాలామంది 1వ గడి చూసి తేడా ఉందని భయపడతారు. 401(కె) అనే పదవీ విరమణ పొదుపులో వేసుకునే మామూలు సొమ్ము 1వ గడిలోంచి తగ్గుతుంది, 3వ గడిలోంచి తగ్గదు. ఏడాదికి 72,000 జీతం, అందులో 6,000 పొదుపు అనుకుంటే, వేరే కోతలు లేనప్పుడు 1వ గడిలో 66,000, 3వ గడిలో 72,000 ఉంటాయి. 4వ గడిలో 4,464 ఉండాలి, అదే 6.2 శాతం. ఆరోగ్య బీమాకు కంపెనీ ద్వారా కట్టే సొమ్ము సాధారణంగా రెండు గడుల్లోంచీ తగ్గుతుంది కనుక 3వ గడి మీ ఒప్పుకున్న జీతం కంటే కాస్త తక్కువ ఉండవచ్చు. రికార్డులో అంకె 3వ గడితో కలిస్తే చాలు. కలవకపోతే డబ్ల్యూ-2 పట్టుకుని ముందు కంపెనీని అడగండి. తప్పు వారిదైతే సవరించిన డబ్ల్యూ-2 పంపాలి. కంపెనీ మూతపడితే, పలకకపోతే సోషల్ సెక్యూరిటీ కార్యాలయంలో 7008 నంబరు ఫారం ఇవ్వవచ్చు. అందుకే డబ్ల్యూ-2లను, ప్రతి ఏడాది చివరి జీతం కాగితాన్ని పారేయకండి.

ఇంత జాగ్రత్త ఎందుకంటే, అక్కడ పింఛను హక్కు రావాలంటే 40 క్రెడిట్లు, అంటే సంపాదనను బట్టి ఖాతాలో పడే పాయింట్ల లాంటివి, కావాలి. ఏడాదికి నాలుగుకు మించి రావు. అంటే కనీసం పదేళ్లు. 2025లో ఒక్కో క్రెడిట్‌కు 1,810 డాలర్ల సంపాదన సరిపోతుంది, నాలుగింటికి 7,240. ఈ అంకె ఏటా మారుతుంది. అక్టోబరులో హెచ్-1బీ మొదలైనవారికి ఆ మూడు నెలల జీతంతోనే ఆ ఏటి నాలుగూ వస్తాయి. తిరిగి వచ్చేయాలనుకునేవారు కూడా ఈ లెక్క చూసుకోవాలి. 36 క్రెడిట్లతో డిసెంబరులో వచ్చేసిన ఒక బంధువు, ఇంకో రెండు నెలలు ఉండి ఉంటే 40 పూర్తయ్యేవని ఇక్కడికి వచ్చాక తెలుసుకున్నాడు. మన దేశానికి కెనడా, ఆస్ట్రేలియా, జర్మనీ, దక్షిణ కొరియా, జపాన్‌తో సామాజిక భద్రత ఒప్పందాలు ఉన్నాయి. అమెరికాతో లేదు. అందువల్ల ఇక్కడి సర్వీసు అక్కడ కలవదు, 40 పూర్తి కాకుండా వస్తే కట్టినది తిరిగి రాదు. ఇది అన్యాయమని నా అభిప్రాయం. లక్షలమంది మనవాళ్ల కష్టం ఆ ఖాతాలో ఉండిపోతోంది.

మన కోనసీమ నుంచి గల్ఫ్‌కు వెళ్లినవారు ఇది చదివితే ఒక్క మాట. కువైట్‌లో పింఛను పథకం విదేశీ కార్మికులకు వర్తించదు. మీకు రావలసింది సర్వీసు ముగింపు సొమ్ము, దానికి ఆధారం మీ ఒప్పంద పత్రం, జీతం బ్యాంకులో పడిన రికార్డు. బహ్రెయిన్‌లో 2024 మార్చి నుంచి కంపెనీల్లో పనిచేసే విదేశీయుల ముగింపు సొమ్మును యజమాని ప్రతి నెలా ప్రభుత్వ సామాజిక బీమా సంస్థకే కట్టాలి, మొదటి మూడేళ్లు జీతంలో 4.2 శాతం, తర్వాత 8.4 శాతం.

చివరగా హైదరాబాదులోనో విశాఖలోనో కొన్నాళ్లు పనిచేసి అమెరికా వెళ్లినవారి పీఎఫ్. దాన్ని ఉమంగ్ యాప్‌లో ఎక్కడి నుంచైనా చూసుకోవచ్చు అనుకుంటారు గాని, ఓటీపీ మాత్రం మీ భారతీయ నంబరుకే వస్తుంది. ఆ సిమ్ పాలకొల్లులోనో అమలాపురంలోనో సొరుగులో రీచార్జి లేక చచ్చిపడి ఉంటుంది. కొన్నాళ్లకు ఆ నంబరు ఇంకొకరికి వెళ్లిపోతుంది. కనుక మీ పీఎఫ్ గుర్తింపు సంఖ్య యూఏఎన్‌కు, ఆధార్‌కు ఒకే ఫోను నంబరు కలిపి, దాన్ని బతికించి ఉంచండి. వీలైతే రోమింగ్‌తో మీ దగ్గరే ఉంచుకోండి, లేదా ఇంట్లో నాన్నగారి ఫోనులో రెండో సిమ్‌గా వేయండి. ఆ సిమ్ నుంచి 99660 44425కు మిస్డ్ కాల్ ఇస్తే నిల్వ ఎంతో సందేశం వస్తుంది. నిల్వ అడుగుతూ 77382 99899కు పంపే సందేశంలో చివర టీఈఎల్ అన్న మూడు ఇంగ్లీషు అక్షరాలు చేరిస్తే ఆ జవాబు తెలుగులోనే వస్తుంది, నాన్నగారే చదివి మీకు చెప్పగలరు.