ఇంట్లో కట్టుకునే అల్యూమినియం విమానం, నాలుగో పాఠం: రేకు మీద రేకు పడేముందు

పోయిన పాఠంలో రంధ్రాల అంచులు గీకి నున్నగా చేసుకున్నాం. ఇక్కడికొచ్చాక చాలామందికి చెయ్యి ఆగదు. రంధ్రాలు కలిశాయి, రేకుల్ని తాత్కాలికంగా పట్టి ఉంచే పిన్నులు, అంటే క్లీకోలు పట్టాయి, రివెట్ గన్ పక్కనే ఉంది. జర ఆగండి. రిబ్బు (రెక్క లోపలి పక్కటెముక లాంటి భాగం) మీద పైరేకు కూర్చుని రివెట్లు బిగిశాయంటే ఆ రెండు ముఖాల మధ్యకు ఇక బ్రష్షు పోదు, కన్నూ పోదు. తుప్పు ఎక్కువగా పుట్టేది సరిగ్గా అక్కడే. బయటి రంగు ఎప్పుడైనా వేసుకోవచ్చు, బాగా లేకపోతే గీకేసి మళ్ళీ వేసుకోవచ్చు. లోపలి ముఖాలకు దొరికేది ఒక్క అవకాశం. అందుకే ఈ పాఠమంతా వాటి గురించే.

ముందు రేకు సంగతి. మన కిట్లలో ఎక్కువగా వచ్చేది 2024-టి3 అనే అల్యూమినియం మిశ్రమలోహం. ఇందులో రాగి సుమారు 4.4 శాతం. బలం ఆ రాగి వల్లే, తుప్పు భయమూ ఆ రాగి వల్లే. 1906లో జర్మనీలో ఆల్ఫ్రెడ్ విల్మ్ ఈ జాతి మిశ్రమలోహం గట్టిపడే తీరు కనిపెట్టాడు. తరవాత దానితో కట్టిన విమానాల్లో రేకు లోపల్లోపలే పెళుసెక్కిపోవడం పెద్ద తలనొప్పి అయింది. దానికి విరుగుడుగా 1927లో ఆల్క్లాడ్ వచ్చింది: గట్టి రేకుకు రెండు వైపులా దాదాపు శుద్ధ అల్యూమినియం పొర. తుప్పు వస్తే ముందు ఆ పొరే కరిగిపోయి, లోపలి లోహాన్ని కాపాడుతుంది. అయితే పొర మందం ఎంత? 0.8 మిల్లీమీటర్ల రేకుకు ఒక్కో వైపు 5 శాతం, అంటే 40 మైక్రాన్లు. లోతైన గీత ఒకటి పడితే చాలు, లోపలి లోహం బయటపడుతుంది. కత్తిరించిన అంచుకు, డ్రిల్లు చేసిన రంధ్రానికి ఆ పొర అసలే ఉండదు. 6061-టి6 రేకుతో వచ్చే కిట్లూ ఉన్నాయి. అందులో రాగి చాలా తక్కువ, కొంత నిశ్చింత. పని మాత్రం ఇదే.

“ఆల్క్లాడే కదా, ప్రైమర్ ఎందుకు, బరువు దండగ” అనేవాళ్ళు ఉన్నారు. ప్రైమర్ అంటే లోహానికి వేసే తొలి రక్షణ పూత. వాళ్ళ మాటలో నిజం లేకపోలేదు. 1960, 70ల్లో తయారైన చాలా సెస్నా చిన్న విమానాలకు లోపల ప్రైమర్ లేదు, వాటిలో ఎన్నో ఇంకా ఎగురుతున్నాయి. కానీ అవి కొన్ని నెలల్లో ఫ్యాక్టరీ దాటి బయటికొచ్చినవి. మన విమానం అలా కాదు. తోక ఒక ఏడు, రెక్క ఒక ఏడు, ఇలా షెడ్డులోనే ఏళ్ళు గడుస్తాయి. 1981 దాకా విమానాలు దిగిన వరంగల్ మామునూరు మన పక్కనే ఉన్నా, మన రేకులు ఉండేది మాత్రం ఇంటి వెనక సిమెంటు రేకుల షెడ్డులోనే. శ్రావణంలో ముసురు పడితే రోజుల తరబడి గోడలు చెమ్మగానే ఉంటాయి. రామగుండం, గోదావరిఖని వైపు వాళ్ళకైతే బొగ్గు దుమ్ము, బూడిద అదనం. ఆ దుమ్ము చెమ్మను పట్టి ఉంచుతుంది. కాబట్టి నా మాట ఒక్కటే: కలిసే ప్రతి ముఖానికీ ప్రైమర్ పడాలి. బరువు లెక్క చూద్దాం. 20 మైక్రాన్ల మందంతో వేస్తే చదరపు మీటరుకు సుమారు 30 గ్రాములు. ముఖాలు కలిసే పట్టీలకే వేస్తే అందులోనూ కొంతే.

రెండు రేకుల సందు నీటిని దీపపు వత్తి నూనె పీల్చినట్టు లోపలికి లాక్కుంటుంది. అంచు దగ్గర నీటికి గాలి అందుతుంది, లోపల అందదు. ఆ తేడాయే చిన్న బ్యాటరీలా మారి, గాలి అందని చోట లోహం కరగడం మొదలవుతుంది. కరిగింది తెల్లటి పొడిగా మారి, పోయిన లోహం కంటే ఎక్కువ చోటు అడుగుతుంది. రివెట్ల మధ్య రేకు చిన్న దిండులా ఉబ్బుతుంది. మనకు కనపడేది అప్పుడే. 1988 ఏప్రిల్ 28న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737 పైకప్పు గాల్లోనే ఊడిపోయింది. అక్కడ రేకుల అతుకు విడిపోవడం, తుప్పు, లోహం అలసిపోవడం మూడూ కలిశాయి. మనది లోపల గాలి ఒత్తిడి నింపే ప్రెషరైజ్డ్ క్యాబిన్ కాదు, అంత ప్రమాదం లేదు. కానీ అతుకు అతుకే.

ఇక పని. రేకు మీది నీలం ప్లాస్టిక్ పొర రక్షణే కదా అని ఏళ్ళ తరబడి వదిలేయకండి. చెమ్మ దాని కింద దూరితే ఆరే దారి ఉండదు. గుర్తులకు పెన్సిల్ వద్దే వద్దు. పెన్సిల్లోని గ్రాఫైట్ గీత ఉన్నచోట అల్యూమినియం తుప్పు పట్టి పోతుంది. సన్న మార్కర్ వాడండి. ఇనుము మీద వాడిన ఎమరీ పేపరు, స్టీలు పీచు దగ్గరికి కూడా రానీయకండి. వాటి నుంచి ఊడే ఇనుప రేణువులు రేకులో దిగి కూర్చుంటాయి.

మెరూన్ రంగు స్కాచ్‌బ్రైట్‌తో మెల్లగా, మెరుపు పోయేదాకా మాత్రమే రుద్దండి. 40 మైక్రాన్లు గుర్తుంది కదా. తర్వాత గిన్నెలు తోమే సబ్బు నీళ్ళతో కడిగి, ధారగా నీళ్ళు పోయండి. ఇక్కడ రేకును ఏటవాలుగా, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడండి. శుభ్రంగా ఉంటే నీళ్ళు ఒకే పలుచటి పొరలా రేకంతా పరుచుకుని అరనిమిషం నిలబడతాయి. ఎక్కడైనా పొర చీలి, అంచులు ముడుచుకుని, నీళ్ళు ముత్యాల్లా జారితే అక్కడ జిడ్డుంది. మీ బొటనవేలి ముద్ర కూడా అలాగే కనపడుతుంది. మళ్ళీ రుద్దండి, మళ్ళీ కడగండి. ఆ తర్వాత రేకును గ్లౌజు లేని చేత్తో ముట్టుకోవద్దు. చెమటలో ఉండేది ఉప్పే.

చివరి కడుగుడికి బోరు నీళ్ళు వద్దు. మన బోర్ల నీళ్ళు ఆరితే తెల్లటి మరకలు మిగులుతాయని వంటింట్లో చూస్తూనే ఉన్నాం. ఆ లవణాలన్నీ ప్రైమర్ కింద చిక్కుకుంటాయి. బ్యాటరీ షాపులో దొరికే డిస్టిల్డ్ వాటర్ తెచ్చి దానితో ముగించండి.

ప్రైమర్ విషయంలో, స్ప్రే డబ్బాలో వచ్చే సింగిల్ ప్యాక్ ఎచ్ ప్రైమర్ (లోహాన్ని కొద్దిగా కొరికి అంటుకునే రకం) ఒక్కదాన్నే నమ్ముకోకండి. దాని పొర నీటిని పూర్తిగా ఆపదు. రెండు డబ్బాలు కలిపే ఎపాక్సీ ప్రైమర్ మేలు. జింక్ క్రోమేట్ పాతకాలపు వీరుడే, కానీ అందులోని క్రోమియం క్యాన్సర్ తెస్తుంది. ఇంటి షెడ్డులో, పిల్లలు తిరిగే చోట దాని ఊసే వద్దు. ఎపాక్సీకి కూడా దస్తీ కట్టుకుంటే సరిపోదు. రసాయన ఆవిరిని ఆపే ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రెస్పిరేటర్ మాస్కు పెట్టుకోండి.

ఎప్పుడు వేయాలి? గోడకు తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ తగిలించుకోండి. రేకు వేడి, మంచు పట్టే ఉష్ణోగ్రత కంటే కనీసం 3 డిగ్రీలు ఎక్కువ ఉండాలి. గాలి 30 డిగ్రీలు, తేమ 80 శాతం అయితే మంచు పట్టేది 26 దగ్గర. రాత్రంతా చల్లబడిన రేకు పొద్దున్నే 27 ఉందంటే పని ఆపండి. మధ్యాహ్నం గాలి 32, తేమ 60 ఉంటే ఆ లెక్క 23కు దిగుతుంది, ధైర్యంగా వేయొచ్చు. ముసురు రోజుల్లో మాత్రం స్ప్రే గన్ ముట్టకండి, ఆ రోజులు కొలతలకూ కోతలకూ ఉంచుకోండి.

అభ్యాసానికి వృథా ముక్కల నుంచి నాలుగు పట్టీలు కోసి, రంధ్రాలు చేయండి. రెండింటికి పైన చెప్పినట్టు ప్రైమర్ వేసి, ఆరాక ఇనుప బోల్టును ప్రైమర్‌లో ముంచి బిగించండి. మిగతా రెండింటిని ఉత్తగా, ఉత్త ఇనుప బోల్టుతో బిగించండి. రెండు జతలనూ ఉప్పు నీటిలో తడిపిన గుడ్డలో చుట్టి మూత ఉన్న డబ్బాలో పెట్టండి, గుడ్డ ఆరనీయకండి. నెల దాకా బోల్టులు విప్పవద్దు. స్టీలు, అల్యూమినియం కలిసేచోట ఏం చేయాలో చెప్పే ఐదో పాఠాన్ని ఆ పట్టీలు విప్పి మొదలుపెడదాం.