స్త్రీవాద కళా ఉద్యమ చరిత్రపై డాక్యుమెంటరీ ఎలా తీయాలి?

1972 జనవరి 30న లాస్ ఏంజెలెస్‌లోని హాలీవుడ్‌లో ఒక పాడుబడ్డ ఇంటి తలుపులు తెరుచుకున్నాయి. పదిహేడు గదుల ఇల్లు. ఎలాగూ కూల్చేయబోతున్న ఆ ఇంటిని జూడీ చికాగో, మిరియం షాపిరో అనే ఇద్దరు కళాకారిణులు, కాల్‌ఆర్ట్స్ అనే కాలిఫోర్నియా కళా విద్యాసంస్థలో వాళ్ళ దగ్గర చదువుకుంటున్న అమ్మాయిలు కలిసి బాగుచేశారు. పగిలిన కిటికీలకు అద్దాలు బిగించారు, గోడలు కడిగారు, రంగులు వేశారు, గదులన్నీ కళతో నింపారు. వుమన్‌హౌస్ అని పేరు పెట్టారు. నెల రోజులు జనం వచ్చి చూశారు. తర్వాత ఇల్లు నేలమట్టమైంది.

ఆ గదులు ఇవాళ మన కళ్ళముందు కదులుతున్నాయంటే కారణం, జొహానా డెమెట్రాకస్ అనే దర్శకురాలు అప్పుడే కెమెరా తీసుకుని లోపలికి వెళ్ళడం. ఈ ఉద్యమం మీద సినిమా తీయాలనుకునేవాళ్ళు ముందుగా ఈ సంగతి మనసులో పెట్టుకోవాలి. 1970ల స్త్రీవాద కళలో చాలా భాగం కాసేపు ఉండి పోయేదే. ప్రదర్శనలు, తాత్కాలికంగా అమర్చిన గదులు, వీడియోలు. మ్యూజియం గోడ మీద వెతికితే కొంతే దొరుకుతుంది. మిగతాది చూసినవాళ్ళ జ్ఞాపకాల్లోనూ, అట్టపెట్టెల్లోనూ, పాత టేపుల్లోనూ ఉంది. అందుకే మీ పనిలో సగం వెతకడం, భద్రపరచడం. కథ చెప్పడం ఆ తర్వాత.

1. మొత్తం ఉద్యమాన్ని పట్టుకోవద్దు, ఒక తలుపు ఎంచుకోండి

"స్త్రీవాద కళా ఉద్యమ చరిత్ర" అనేది సినిమాకు సరిపోయే విషయం కాదు, గ్రంథాలయానికి సరిపోయే విషయం. ఒక చోటు, ఒక బృందం, ఒక గొడవ, ఒక ప్రశ్న, వీటిలో ఏదో ఒకటి తీసుకోండి. 1970లో ఫ్రెస్నో స్టేట్ కాలేజీలో పదిహేనుమంది విద్యార్థినులతో జూడీ చికాగో మొదలుపెట్టిన తరగతి ఒక సినిమా. 1972లో న్యూయార్క్‌లో ఇరవైమంది స్త్రీలు కలిసి తెరిచిన ఎ.ఐ.ఆర్. గ్యాలరీ ఇంకో సినిమా. 1973 నుంచి 1991 దాకా లాస్ ఏంజెలెస్‌లో నడిచిన వుమన్స్ బిల్డింగ్ అనే స్త్రీల కళా కేంద్రం మరొకటి.

ఎంచుకున్నాక దాన్ని ప్రశ్నగా మార్చండి. ఎందుకంటే ఈ ఉద్యమంలో ప్రశ్న వేసిన తీరే చాలా మార్చింది. 1971లో కళా చరిత్రకారిణి లిండా నాక్లిన్ "గొప్ప స్త్రీ కళాకారులు ఎందుకు లేరు?" అన్న శీర్షికతో వ్యాసం రాసింది. మరుగునపడ్డ పేర్లు నాలుగు తవ్వి తీసి, ఇదిగో ఉన్నారు అని ఊరుకోలేదు. చదువు చెప్పిన సంస్థలనే నిలదీసింది. నగ్న మోడల్‌ను చూసి బొమ్మ గీయడం పెద్ద చిత్రకారుడు కావడానికి తప్పనిసరి అయిన రోజుల్లో, ఆ తరగతిలోకే ఆడవాళ్ళను రానివ్వకపోతే ఎలా? మీ ప్రశ్న కూడా ఇలా తలుపు దగ్గర నిలబడి అడిగేదై ఉండాలి. "ఈమె ఎంత గొప్పది?" అని మొదలుపెడితే సన్మాన పత్రం తయారవుతుంది. "ఈమెను ఎవరు, ఎక్కడ ఆపారు? ఆమె ఏం చేసింది?" అని అడిగితే కథ నడుస్తుంది.

2. స్క్రిప్టు కంటే ముందు ఇంటర్వ్యూలు

మామూలు డాక్యుమెంటరీకి పరిశోధన, స్క్రిప్టు, గ్రాంటు, షూటింగ్ అనే వరుస బాగానే ఉంటుంది. ఇక్కడ ఆ వరుస పాటిస్తే నష్టపోతారు. 1970లో ఇరవై ఏళ్ళున్నవాళ్ళకు ఇప్పుడు డెబ్బై దాటింది. అప్పటికే పేరున్నవాళ్ళు చాలామంది వెళ్ళిపోయారు. మిరియం షాపిరో 2015లో, లిండా నాక్లిన్ 2017లో, కరోలీ ష్నీమన్ 2019లో, ఫెయిత్ రింగోల్డ్ 2024లో. కాబట్టి జాబితా రాసుకోండి, వయసు ప్రకారం పేర్చండి, పెద్దవాళ్ళతో మొదలుపెట్టండి. డబ్బు వచ్చేదాకా ఆగకండి. మంచి మైకు, ట్రైపాడ్, కిటికీ వెలుతురు ఉంటే ఇంటర్వ్యూ తీయవచ్చు. బొమ్మ కాస్త గరుకుగా ఉన్నా ప్రేక్షకులు సర్దుకుంటారు, మాట వినబడకపోతే మాత్రం సర్దుకోరు. అందుకే ఖర్చు పెట్టాల్సింది ముందు మైకు మీద.

జాబితాలో పేరున్నవాళ్ళే ఉంటే సరిపోదు. వుమన్‌హౌస్‌లో గోడలు గీకిన విద్యార్థిని, గ్యాలరీ లెక్కలు రాసిన మనిషి, పోస్టర్లు అచ్చువేసిన మనిషి, వీళ్ళకు గుర్తున్నవి నాయకురాళ్ళకు గుర్తుండవు.

3. ఇంటర్వ్యూ ఎలా చేయాలి

నేను మొదటిసారి ఒక పెద్దావిడ ముందు కెమెరా పెట్టినప్పుడు "ఈ ఉద్యమం మీకు ఏమిచ్చింది?" అని అడిగాను. ఆవిడ చక్కగా పది నిమిషాలు ఉపన్యాసం ఇచ్చింది. ఎడిటింగ్‌లో అందులో ఒక్క వాక్యం కూడా పనికిరాలేదు. అది ఆవిడ లోపం కాదు. యాభై ఏళ్ళుగా అదే ప్రశ్నకు అదే జవాబు చెప్పి చెప్పి ఆ మాటలు అరిగిపోయాయి.

దారి మార్చి వస్తువుల గురించి అడగండి. ఆ ఇంటిని బాగుచేసేటప్పుడు మీ చేతిలో ఏ పనిముట్టు ఉండేది? అంతకుముందు ఎప్పుడైనా పట్టుకున్నారా? చలికి ఏం వేసుకునేవారు? వుమన్‌హౌస్ పనిచేసేటప్పుడు ఆ ఇంట్లో వెచ్చదనానికి ఏర్పాటే లేదు. కరెంటు రంపం, డ్రిల్లు వాడటం చాలామంది అమ్మాయిలు అక్కడే నేర్చుకున్నారు. రంపం గురించి అడిగితే మనిషి చేతులు కదుపుతుంది. ఆ చేతుల మీదికి రెండో కెమెరా పెట్టండి. రెండో కెమెరా లేకపోతే కాసేపయ్యాక ఫ్రేమ్ మార్చండి. మాట మొహంలో ఉంటే జ్ఞాపకం చేతుల్లో ఉంటుందని నాకు అనిపిస్తుంది.

ఇంకో పద్ధతి ఉద్యమం నుంచే నేర్చుకోవచ్చు. ఫ్రెస్నో తరగతిలో విద్యార్థినులు గుండ్రంగా కూర్చుని ఒక్కో విషయం మీద ఒక్కొక్కరే తమ అనుభవం చెప్పేవాళ్ళు. వాళ్ళ కళకు ముడిసరుకు అక్కడి నుంచే వచ్చింది. మీరూ అలాగే నలుగురైదుగురు పాత స్నేహితురాళ్ళను ఒక గదిలో కూర్చోబెట్టండి, వరుసగా మాట్లాడనివ్వండి, మీరు నోరు మెదపకండి. ఒకరు చెప్పింది ఇంకొకరు "కాదు, అలా జరగలేదు" అన్న క్షణంలో మీ సినిమా మొదలవుతుంది.

మాట ఆగినప్పుడు వెంటనే తర్వాతి ప్రశ్నకు వెళ్ళకండి, ఆగండి. ఇంటర్వ్యూ అయిపోయాక ఎవరూ మాట్లాడకుండా ఆ గది నిశ్శబ్దాన్ని ఒక నిమిషం రికార్డు చేయండి. ఎడిటింగ్‌లో అతుకులు కప్పడానికి అది కావాలి.

గెరిల్లా గర్ల్స్ లాంటి బృందంతో మాట్లాడాల్సి వస్తే సంగతి వేరు. కళారంగంలోని వివక్షను ఎత్తిచూపడానికి 1985లో న్యూయార్క్‌లో మొదలైన ఈ కళాకారిణుల బృందంలోవాళ్ళు గొరిల్లా మాస్కులు వేసుకుంటారు, చనిపోయిన కళాకారిణుల పేర్లతోనే మాట్లాడతారు. పేరు దాచుకోవడం వాళ్ళ కళలో భాగం. అసలు పేరు అడగకండి, మీకు తెలిసినా ఫుటేజ్‌లో గానీ ఫైల్ పేరులో గానీ రాయకండి.

4. పాత టేపులను బతికించడం

1967లో సోనీ కంపెనీ పోర్టాపాక్ అనే మోసుకెళ్ళే వీడియో సెట్ తెచ్చింది. దాంతో వీడియో తీయడానికి టీవీ స్టేషన్ అవసరం లేకుండా పోయింది. పెయింటింగ్‌కు ఉన్నట్టు వీడియోకు శతాబ్దాల మగ గురువుల వరుస లేదు. చాలామంది స్త్రీలు అందులోకి రావడానికి అదీ ఒక కారణం. మార్తా రోస్లర్ 1975లో వంటగది పనిముట్లను అక్షరక్రమంలో ఒక్కొక్కటీ ఎత్తి చూపిస్తూ, ఉండే కొద్దీ కోపంగా విసురుతూ చేసిన ఆరు నిమిషాల వీడియో అలా పుట్టిందే.

ఆ కాలపు టేపు ఎవరైనా మీ చేతిలో పెడితే సంతోషం పట్టలేక వెంటనే ప్లేయర్‌లో పెట్టి ఆడించకండి. దయచేసి ఈ ఒక్క మాట వినండి. పాత టేపులో అయస్కాంత పొడిని పట్టి ఉంచే జిగురు గాలిలోని తేమను పీల్చుకుని బంకలా మారుతుంది. అలా ఆడిస్తే పొడి ఊడి ప్లేయర్‌కు అంటుకుంటుంది, బొమ్మ శాశ్వతంగా పోతుంది. తెలిసినవాళ్ళు అలాంటి టేపును తక్కువ వేడిలో గంటల తరబడి ఉంచి, ఆరిన తర్వాత ఒకసారి ఆడించి, ఆ ఒక్కసారిలోనే డిజిటల్‌లోకి ఎక్కిస్తారు. ఇంట్లో ప్రయోగం చేయాల్సిన పని కాదు, ఆర్కైవ్ ల్యాబ్‌కు పంపండి.

పాత టీవీ వార్తలూ వెతకండి. 1977లో సుజాన్ లేసీ, లెస్లీ లాబోవిట్జ్ లాస్ ఏంజెలెస్ సిటీ హాల్ మెట్ల మీద "ఇన్ మోర్నింగ్ అండ్ ఇన్ రేజ్" (శోకంలో, ఆగ్రహంలో) అనే ప్రదర్శన చేశారు. నగరంలో వరసగా జరుగుతున్న ఆడవాళ్ళ హత్యలను టీవీలు సంచలనంగా చూపిస్తున్న తీరు మీద నిరసన అది. నల్లటి ముసుగుల్లో, ఏడడుగుల ఎత్తున కనిపించేలా తయారైన స్త్రీలు శవవాహనం నుంచి దిగారు. ప్రతి కదలికా వార్తా కెమెరాల కోసం ఆలోచించి పెట్టిందే. అంటే ఆ వార్తా ఫుటేజ్ కూడా ఆ కళలో భాగమే.

5. కదలని ఫొటోను ఎలా చూపించాలి

వుమన్‌హౌస్‌లో శాండీ ఆర్గెల్ చేసిన బట్టల బీరువా ఫొటో ఉంది. బీరువా అరల మధ్య ఒక ఆడ బొమ్మ ఇరుక్కుని ఉంటుంది. అరల పలకలు ఆ శరీరాన్ని ముక్కలుగా కోస్తున్నట్టు అడ్డంగా ఉంటాయి. చుట్టూ నీటుగా మడతపెట్టిన దుప్పట్లు. ఒక కాలు మాత్రం బయటికి వస్తోంది.

దీన్ని మూడు సెకన్లు చూపించి దాటేస్తే ఎవరికీ ఏమీ తెలియదు. మడతల మీద మొదలుపెట్టండి. ప్రేక్షకులు అది మామూలు బీరువా అనుకోవాలి. నెమ్మదిగా పైకి వెళ్ళండి, తల కనిపించాలి. అప్పుడు కట్ చేసి మొత్తం ఫొటో పెట్టి పది సెకన్లు వదిలేయండి. సంగీతం వద్దు. బయటికి వస్తున్న ఆ కాలు చూడమని వాయిస్ ఓవర్ చెప్పక్కర్లేదు, వాళ్ళే చూస్తారు. ప్రతి ఫొటోనూ జూమ్ చేస్తూ పోవడం అలవాటుగా మారితే మాత్రం ఏ ఫొటోకూ విలువ ఉండదు.

6. హక్కుల కాగితాలు

విసుగు పని, తప్పదు. పెయింటింగ్ కొన్నవాళ్ళకు కాపీరైట్ రాదు. అది సాధారణంగా కళాకారిణి దగ్గరో, ఆమె వారసుల దగ్గరో ఉంటుంది. ఇప్పటి అమెరికా చట్టంలో సాధారణ లెక్క మరణించాక 70 ఏళ్ళు. పాత పనులకు లెక్కలు మారతాయి. ఫొటో తీసిన మనిషి హక్కు వేరే. కాబట్టి ఒక్క ప్రదర్శన ఫొటోకు రెండు అనుమతులు కావాల్సి రావచ్చు. విమర్శ కోసం, వివరణ కోసం కొద్ది భాగం వాడుకోవడానికి అక్కడి చట్టంలో ఫెయిర్ యూజ్ వెసులుబాటు ఉంది. దాన్ని నమ్ముకునే ముందు ఆ రంగం తెలిసిన లాయరుకు రఫ్ కట్ (తొలి విడత ఎడిటింగ్) చూపించండి. మాట్లాడిన ప్రతి మనిషి దగ్గరా షూటింగ్ రోజే అనుమతి పత్రం మీద సంతకం తీసుకోండి.

7. గొడవలను కత్తిరించవద్దు

ఎడిటింగ్ టేబుల్ దగ్గర అందరికీ ఒక ఆశ పుడుతుంది: కష్టపడ్డారు, పోరాడారు, గెలిచారు అని ముగించాలని. ఈ ఉద్యమాన్ని ప్రేమించేవాళ్ళకు ఆ ఆశ ఇంకా ఎక్కువ. నాకూ ఉంటుంది. కానీ అలా చేస్తే ఉద్యమం లోపలే తోసివేతకు గురైన స్త్రీలను మనమూ మరోసారి తోసేసినట్టు అవుతుంది.

జూడీ చికాగో 1979లో ప్రదర్శించిన "ది డిన్నర్ పార్టీ"నే తీసుకోండి. త్రికోణపు బల్ల, 39 మంది చారిత్రక, పౌరాణిక స్త్రీలకు 39 చోట్లు, నేల మీద మరో 999 పేర్లు. ఇప్పుడు బ్రూక్లిన్ మ్యూజియంలో శాశ్వతంగా ఉంది. దాని ముందు నిలబడితే ఒళ్ళు పులకరించడం నిజం. ఆ బల్ల దగ్గర ఆఫ్రికన్ అమెరికన్ స్త్రీ సొజర్నర్ ట్రూత్ ఒక్కరే ఉండటం, ఆమె ప్లేటును దాదాపు మిగతావన్నిటిలా యోని ఆకారంలో కాకుండా ముఖాలతో మలచడం మీద నల్లజాతి స్త్రీవాదులు గట్టిగా అడిగిన ప్రశ్నలూ అంతే నిజం. రెండూ మీ సినిమాలో ఉండాలి, పక్కపక్కనే ఉండాలి.

ఎ.ఐ.ఆర్. గ్యాలరీ వ్యవస్థాపకుల్లో ఒకరైన హౌవార్డీనా పిండెల్ 1980లో చేసిన వీడియో చూడండి. తన జీవితంలో ఎదురైన జాతి వివక్షను ఆమె ఒక్కొక్కటిగా చెబుతుంది. మధ్యమధ్య బంగారు రంగు విగ్గు పెట్టుకుని తెల్ల స్త్రీగా మారి, ఆ మాటలు నమ్మనట్టు తనకే అడ్డొస్తుంది. అదే ఏడాది అదే గ్యాలరీలో శ్వేతజాతీయేతర స్త్రీ కళాకారుల కోసం కళాకారిణి ఆనా మెండియెటా నడిపిన ప్రదర్శనలో దాన్ని చూపించారు. స్త్రీవాద గ్యాలరీలోనే స్త్రీవాదాన్ని నిలదీయడం! ఇలాంటి చోట సినిమా నెమ్మదించాలి. వాయిస్ ఓవర్‌తో సర్దిచెప్పకండి. రెండు పక్షాల మాటలూ పూర్తిగా వినిపించండి.

కట్ పూర్తయ్యాక ఒక లెక్క వేయండి: ఎవరు ఎన్ని నిమిషాలు మాట్లాడారు? గెరిల్లా గర్ల్స్ న్యూయార్క్ మ్యూజియంలను పట్టుకున్నది ఇలాంటి లెక్కతోనే. 1984లో మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ పెట్టిన పెద్ద ప్రదర్శనలో 160 మందికి పైగా కళాకారులుంటే, వాళ్ళు లెక్కపెట్టిన స్త్రీలు 13 మంది. మీ టైమ్‌లైన్ మీద ఆ లెక్క వేసుకుంటే మీకే ఆశ్చర్యం కలగవచ్చు.

8. మిగిలిన ఫుటేజ్‌ను దాచండి

లిన్ హెర్ష్‌మన్ లీసన్ అనే కళాకారిణి నలభై ఏళ్ళపాటు తోటి కళాకారిణులతో మాట్లాడుతూ రికార్డు చేసుకుంది. 2010లో ఆ ఫుటేజ్‌తో 83 నిమిషాల సినిమా వచ్చింది. సినిమాలో పట్టని ఇంటర్వ్యూలను పారేయకుండా స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ గ్రంథాలయానికి అప్పగించింది. ఇప్పుడు విద్యార్థులు వాటిని పూర్తిగా చూడవచ్చు.

మీరూ మొదటి రోజే ఒక గ్రంథాలయంతోనో ఆర్కైవ్‌తోనో మాట్లాడి పెట్టుకోండి. అనుమతి పత్రంలో "పూర్తి ఇంటర్వ్యూను ఆర్కైవ్‌లో ఉంచడానికి అంగీకరిస్తున్నాను" అన్న వాక్యం ముందే చేర్చండి, తర్వాత మళ్ళీ వెళ్ళి అడగడం కుదరకపోవచ్చు. ఫుటేజ్ మూడు కాపీలుండాలి, వాటిలో ఒకటి వేరే ఊళ్ళో ఉండాలి. మాస్కు వేసుకున్నవాళ్ళవి తప్ప, ప్రతి ఫైల్ పేరులో తేదీ, చోటు, మాట్లాడిన మనిషి పూర్తి పేరు రాయండి. సహాయకురాలిగానో విద్యార్థినిగానో వచ్చి రెండు నిమిషాలే మాట్లాడినవాళ్ళ పేర్లు కూడా.