బ్రిటిష్ మిస్టరీ సిరీస్‌లు ఎలా చూడాలి?

థ్రిల్లర్లకు అలవాటు పడ్డవాళ్లు బ్రిటిష్ మిస్టరీ ఏదైనా పెట్టుకుని, అరగంట గడిచేసరికి "ఇంకా ఏమీ జరగలేదేంటి?" అని ఆపేస్తుంటారు. అప్పటికే సగం ఆధారాలు కళ్ల ముందు నుంచి వెళ్లిపోయి ఉంటాయి. డిటెక్టివ్‌కి దొరికినవన్నీ మనకూ చూపించి "హంతకుడెవరో కనుక్కోండి చూద్దాం" అని పందెం కాయడమే ఈ సిరీస్‌ల అసలు రుచి. ఆ పందెంలోకి దిగాలంటే చూసే పద్ధతి కొంచెం మార్చుకోవాలి.

1. టైమును బట్టి సిరీస్ ఎంచుకోండి

హత్య నుంచి అరెస్టు దాకా ఒక్క ఎపిసోడ్‌లోనే తేలిపోయేవి ఒక రకం. 'ఇన్‌స్పెక్టర్ మోర్స్' (1987–2000) అలాంటిదే. మొత్తం 33 ఎపిసోడ్లు, ఒక్కోటీ దాదాపు గంటా నలభై నిమిషాలు. 1997లో మొదలైన 'మిడ్‌సమర్ మర్డర్స్' కూడా ఇదే కోవ, ఎక్కడి నుంచి చూసినా అర్థమవుతుంది. సీజన్ మొత్తం ఒకే కేసు నడిచేవి రెండో రకం. 'బ్రాడ్‌చర్చ్' మొదటి సీజన్ (2013) ఎనిమిది ఎపిసోడ్లూ ఒక పిల్లవాడి హత్య చుట్టూనే తిరుగుతాయి.

కొత్తవాళ్లు మోర్స్‌తో మొదలుపెట్టడం మంచిదని నా అభిప్రాయం. కొమ్మూరి సాంబశివరావు రాసిన డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు కథలు చదివి పెరిగినవాళ్లకైతే మోర్స్, అతని సార్జెంట్ లూయిస్‌ల జంట మొదటి రోజే నచ్చేస్తుంది.

2. పోలీసుల హోదాలు, రూల్సు తెలుసుకోండి

డీసీ అంటే కానిస్టేబుల్, డీఎస్ సార్జెంట్, డీఐ ఇన్‌స్పెక్టర్, డీసీఐ చీఫ్ ఇన్‌స్పెక్టర్. ముందున్న 'డీ' డిటెక్టివ్ అని. వీళ్ల దగ్గర మామూలుగా తుపాకీ ఉండదు. అందుకే అసలు యుద్ధమంతా ఇంటర్వ్యూ గదిలో జరుగుతుంది. రికార్డర్ ఆన్ చేసి, టైమెంతో, గదిలో ఎవరెవరున్నారో చెప్పి ప్రశ్నలు మొదలుపెడతారు. పక్కనే లాయరు ఉంటారు. చెయ్యి చేసుకోవడం కుదరదు, మాటలతోనే నిజం రాబట్టాలి.

దానికి తోడు గడియారం. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1984 నాటి చట్టం ప్రకారం అరెస్టు చేసినవాణ్ణి చార్జ్ పెట్టకుండా మామూలుగా 24 గంటలే ఉంచుకోవచ్చు. పెద్ద నేరమైతే సూపరింటెండెంట్ దాన్ని 36 గంటలు చేయొచ్చు, మేజిస్ట్రేట్ల అనుమతి ఉంటే 96 గంటల దాకా వెళ్లొచ్చు. "ఇంకా ఎంత టైముంది?" అన్న మామూలు మాటకు పోలీసుల ముఖాలు ఎందుకు మాడిపోతాయో ఇది తెలిస్తేనే అర్థమవుతుంది. 'షెట్లాండ్' అనే సిరీస్ కథలు మాత్రం స్కాట్లాండ్‌వి, అక్కడి చట్టం వేరు.

3. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి

ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లూ పెట్టుకోవాలి, ఎందుకంటే యాసలోనే సగం అందం ఉంది. 'వీరా' (2011–2025) ఇంగ్లండ్ ఉత్తర కొసన ఉన్న నార్తంబర్లాండ్ కథ. బ్రెండా బ్లెతిన్ వేసిన వీరా స్టాన్‌హోప్ ఎదుటివాళ్లను "పెట్", "లవ్" అంటూ పలకరిస్తుంది, మన పెద్దావిడలు "నాన్నా", "తల్లీ" అన్నట్టు. అంత ఆప్యాయంగా పిలుస్తూనే అబద్ధం చెప్పినవాణ్ణి మూలకు నెట్టేస్తుంది.

4. మొదటి ఎపిసోడ్‌లో ఫోన్ ముట్టుకోకండి

'బ్రాడ్‌చర్చ్' మొదటి ఎపిసోడ్‌లో మార్క్ లాటిమర్ పొద్దున్నే పనికి బయల్దేరి ఊరి వీధిలో నడుస్తాడు. కెమెరా కట్ లేకుండా అతని వెంటే వెళ్తుంది. ఎదురైనవాళ్లను పేరుపేరునా పలకరిస్తాడు, నవ్వుతాడు, ముందుకు సాగుతాడు. కొడుకు ఇక లేడని అతనికింకా తెలియదు. అప్పుడే దుకాణం తెరిచిన ఊరిలా అంతా హాయిగా ఉంటుంది. రెండు ఎపిసోడ్లు గడిచాక చూస్తే ఆ పలకరింపుల్లోని ముఖాలే అనుమానితులై కూర్చుంటాయి. ఫోన్ చూస్తూ ఉంటే ఆ వీధి మీకు ఉత్త నడకలాగే కనిపిస్తుంది. ఈ సీజన్ తీస్తున్నప్పుడు హంతకుడెవరో నటీనటుల్లో చాలామందికి కూడా చెప్పలేదు. వాళ్ల ముఖాల్లో కనిపించే అయోమయం అంత సహజంగా ఉండటానికి అదీ ఒక కారణమే అయ్యుంటుంది.

ఊరిని కూడా ఒక పాత్రగానే చూడాలి. మోర్స్‌కు ఆక్స్‌ఫర్డ్ కాలేజీల గోడల వెనక దాగిన అసూయలు, బ్రాడ్‌చర్చ్‌కు డోర్సెట్ తీరంలోని బంగారు రంగు కొండచరియలు. మిడ్‌సమర్ అనే కౌంటీ అసలు ఎక్కడా లేదు, కల్పితం. అక్కడి హత్యలకు ఆస్తి తగాదాలు, పాత పగలు, ఎప్పుడో దాచిపెట్టిన సంబంధాలే కారణాలు. పల్లెటూళ్లు తెలిసినవాళ్లకు అవి కొత్త కావు.

5. చివరి పావుగంటకు ముందు ఆపి, పేరు రాయండి

ఇది మానకండి. డిటెక్టివ్ తనకు దొరికిన క్లూని పాఠకుడి దగ్గర దాచకూడదని ఇంగ్లిష్ డిటెక్టివ్ కథల రచయిత రొనాల్డ్ నాక్స్ 1929లోనే నియమం రాశాడు. మంచి సిరీస్‌లు ఇప్పటికీ దానికి కట్టుబడతాయి కాబట్టి జవాబు మీ చేతిలోనే ఉంటుంది. ఎవరు ఎక్కడున్నామన్నారు, దానికి సాక్ష్యం ఎవరు అన్నది కాగితం మీద రాసుకోండి. ఒకరికొకరు మాత్రమే సాక్ష్యం చెప్పుకునే జంట ఉంటే గుర్తు పెట్టండి. కథకు అక్కర్లేదనిపించిన సీన్‌కు మళ్లీ వెళ్లండి, ఊరికే పెట్టి ఉండరు. పేరున్న నటుడు చిన్న వేషంలో కనిపిస్తే అతనే హంతకుడని తేల్చేసే అలవాటు చాలామందికి ఉంది. ఒక్కోసారి నిజమే అవుతుంది, కానీ ఆట చెడిపోతుంది.

చెవులు కూడా పనిచేయాలి. మోర్స్‌కు సంగీతం ఇచ్చిన బారింగ్టన్ ఫెలాంగ్ ఆ పేరులోని అక్షరాలను మోర్స్ కోడ్ చుక్కలు, గీతలుగా మార్చి టైటిల్ మ్యూజిక్‌లోనే కలిపేశాడు.

6. తర్వాత ఏది?

మోర్స్ పూర్తయ్యాక 'లూయిస్' (2006–2015) చూడండి, దాని తర్వాతే 'ఎండెవర్' (2012–2023). కథా కాలం ప్రకారం ఎండెవరే ముందు, మోర్స్ కుర్రతనం అది, 1965లో మొదలవుతుంది. అయినా దాన్ని చివరికే ఉంచండి. మోర్స్ ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పకుండా దాచుకున్న సంగతి ఒకటి ఆ సిరీస్ పేరు చూస్తేనే తెలిసిపోతుంది.