ట్రేసింగ్ బఫర్ ఎంత ఉండాలి: లెక్క వేసుకునే పద్ధతి

సిస్టమ్ లోపల జరిగే సంఘటనలను, అంటే ఈవెంట్లను, వరుసగా నమోదు చేయడమే ట్రేసింగ్; ఆ నమోదే ట్రేస్. ట్రేస్‌లో ఒక ఈవెంట్ కనిపించనంత మాత్రాన అది జరగలేదని అనుకోవడానికి వీల్లేదు. జరిగి కూడా, బఫర్‌లో (ఈవెంట్లను తాత్కాలికంగా ఉంచే మెమరీలో) చోటు చాలక, మనం చూసేలోపే చెరిగిపోయి ఉండవచ్చు. అందుకే పనితీరు సమస్యను ట్రేసింగ్‌తో వెతికేవారు బఫర్ పరిమాణాన్ని ఊహతో కాక లెక్కతో నిర్ణయించుకోవాలి, ట్రేస్ ముగిశాక ఎంత డేటా పోయిందో తప్పనిసరిగా చూసుకోవాలి. ఈ పద్ధతిని ప్రధానంగా లినక్స్‌లోని ట్రేసింగ్ సాధనాలైన ఎఫ్‌ట్రేస్, పెర్ఫ్‌లకు, ఆ తర్వాత క్లుప్తంగా విండోస్‌లోని ఈటీడబ్ల్యూ (ఈవెంట్ ట్రేసింగ్ ఫర్ విండోస్) అనే సదుపాయానికి వర్తింపజేసి వివరిస్తాను.

ముందుగా తేల్చుకోవలసింది బఫర్ ఏ పని చేస్తోందన్న విషయం. ఎఫ్‌ట్రేస్‌ను మామూలుగా వాడినప్పుడు డేటా అంతా మెమరీలోనే ఉంటుంది, ట్రేసింగ్ ఆపాక దాన్ని చదువుకుంటాం. కాబట్టి అక్కడ బఫర్ ఎంత పెద్దదైతే అంత వెనక్కి వెళ్లి చూడగలం. పెర్ఫ్ రికార్డ్ అలా కాదు, అది డేటాను ఎప్పటికప్పుడు ఫైలులోకి రాస్తూ ఉంటుంది. అక్కడి బఫర్ పని, రాసే ప్రోగ్రామ్ కాస్త ఆలస్యమైనా ఈవెంట్లు పోకుండా ఆ కాసేపు నిలిపి ఉంచడమే. మొదటి రకంలో చోటు చాలకపోతే పాత డేటా పోతుంది, రెండో రకంలో చాలకపోతే ట్రేస్ మధ్యలో ఖాళీలు పడతాయి. ఈ తేడా పట్టించుకోకుండా రెండింటికీ ఒకే అంకె ఇస్తే ఒకచోట మెమరీ వృథా అవుతుంది, మరోచోట డేటా పోతుంది.

ఎఫ్‌ట్రేస్ సెట్టింగులన్నీ సాధారణంగా /సిస్/కెర్నల్/ట్రేసింగ్ డైరెక్టరీలో ఫైళ్ల రూపంలో ఉంటాయి. పరిమాణం ఉండే ఫైలు పేరు ‘బఫర్_సైజ్_కేబీ’. బూట్ అయ్యాక ట్రేసింగ్ ఇంకా వాడని సిస్టమ్‌లో దాన్ని చదివితే ‘7 (ఎక్స్‌పాండెడ్: 1408)’ అని కనిపిస్తుంది. అంటే ప్రస్తుతానికి నామమాత్రంగా 7 కేబీ మాత్రమే కేటాయించి ఉంచారని, ట్రేసింగ్ మొదలుపెడితే అది 1408 కేబీకి పెరుగుతుందని అర్థం. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే: ఆ 1408 కేబీ మొత్తం సిస్టమ్‌కు కాదు, ఒక్కో సీపీయూకు. ఎనిమిది సీపీయూలుంటే మొత్తం 11 ఎంబీ అవుతుంది. ఈ మొత్తాన్ని ‘బఫర్_టోటల్_సైజ్_కేబీ’ అనే ఫైలు విడిగా చూపిస్తుంది.

పరిమాణం పెంచే ముందు డిఫాల్ట్ బఫర్‌తోనే, నిజంగా పరిశీలించదలచిన ఈవెంట్లను ఆన్ చేసి, నిజమైన లోడ్ మీద కాసేపు ట్రేస్ నడపాలి. అది నడుస్తూ ఉండగానే ‘పర్_సీపీయూ’ డైరెక్టరీలో ఒక్కో సీపీయూ కింద ఉండే ‘స్టాట్స్’ ఫైలు చదవాలి. అందులో ‘ఓల్డెస్ట్ ఈవెంట్ టీఎస్’ అనే వరుస బఫర్‌లో మిగిలి ఉన్న అత్యంత పాత ఈవెంట్ సమయాన్ని, ‘నౌ టీఎస్’ అనే వరుస ప్రస్తుత సమయాన్ని చూపిస్తాయి. ‘ఓవర్‌రన్’ సున్నా దాటి ఉంటే బఫర్ ఒకసారి నిండి పాతవి చెరిగిపోవడం మొదలైందని అర్థం. అప్పుడు ఆ రెండు సమయాల తేడాయే ఆ సీపీయూలో మీ బఫర్ పట్టి ఉంచగలిగే కాలం. ట్రేసింగ్ ఆపేశాక చదివితే ప్రస్తుత సమయం ముందుకు నడుస్తూనే ఉంటుంది కనుక ఈ తేడా ఎక్కువగా కనిపించి మోసం చేస్తుంది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక సీపీయూలో సెకనుకు 50,000 ఈవెంట్లు, ఒక్కోటి సగటున 40 బైట్ల చొప్పున వస్తున్నాయనుకుంటే, సెకనుకు 20 లక్షల బైట్లు నిండుతాయి. 1408 కేబీ బఫర్ ముప్పావు సెకను కూడా నిలవదు. సమస్య కనిపించిన వెంటనే ట్రేస్ ఆపడానికి మీకు పది సెకన్లు పడుతుందనుకుంటే ఒక్కో సీపీయూకు దాదాపు 19,531 కేబీ కావాలి; కాస్త పైకి సవరించి 20,480 కేబీ, అంటే 20 ఎంబీ, అనుకుని ఆ అంకెను ‘బఫర్_సైజ్_కేబీ’లో రాయాలి. ఎనిమిది సీపీయూలకు ఇది 160 ఎంబీ. ఇదే అంకెను 64 సీపీయూల సర్వర్‌లో రాస్తే 1,280 ఎంబీ అవుతుంది. ఇది కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) తీసుకునే మెమరీ, స్వాప్‌లోకి, అంటే డిస్కు మీదికి, పోదు. కాబట్టి మెమరీ ఒత్తిడినే పరిశీలిస్తున్న సిస్టమ్‌లో పెద్ద బఫర్ పెడితే మనం కొలుస్తున్న పరిస్థితిని మనమే మార్చినట్లవుతుంది. ట్రేస్ నడుస్తుండగానే ఆ క్షణంలోని డేటాను పక్కన పెట్టుకునే స్నాప్‌షాట్ సదుపాయం వాడితే అంతే పరిమాణంలో మరో బఫర్ కేటాయిస్తారు గనుక లెక్కను రెట్టింపు చేసుకోవాలి. రాసిన తర్వాత ఫైలును మళ్లీ చదివి, అడిగినంత దొరికిందో లేదో చూసుకోవడం మంచిది.

సీపీయూలన్నింటి మీదా లోడ్ ఒకేలా ఉండడం అరుదు. అందరికంటే ఎక్కువ ఈవెంట్లు వచ్చే సీపీయూను బట్టే పరిమాణం నిర్ణయించాలి. ఆ ఒక్కదానికే పెద్ద బఫర్ చాలనుకుంటే, దాని డైరెక్టరీలోని పరిమాణపు ఫైలులో విడిగా రాయవచ్చు. పరిమాణాలు వేర్వేరుగా ఉన్నప్పుడు పైస్థాయి ఫైలులో అంకెకు బదులు ‘ఎక్స్’ అనే అక్షరం కనిపిస్తుంది, అది లోపం కాదు.

బఫర్ నిండినప్పుడు ఏది పోవాలన్నది ‘ఓవర్‌రైట్’ ఆప్షన్ నిర్ణయిస్తుంది. అది డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంటుంది, పాతవి పోయి కొత్తవి నిలుస్తాయి. సమస్య కనిపించాక ట్రేస్ ఆపేవారికి ఇదే సరైనది. ఒక పని ఎలా ప్రారంభమవుతోందో చూడదలిస్తే దాన్ని ఆఫ్ చేయాలి. అప్పుడు మొదటి ఈవెంట్లు నిలిచి, తర్వాత వచ్చేవి ‘డ్రాప్డ్ ఈవెంట్స్’ లెక్కలోకి వెళ్తాయి. బఫర్‌ను పెంచడానికి ముందు అవసరం లేని ఈవెంట్లను ఆపడం, ఫిల్టర్ పెట్టడం చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. ముఖ్యంగా కెర్నల్‌లోని ఫంక్షన్ల పిలుపులను నమోదు చేసే ఫంక్షన్ ట్రేసర్‌ను ఫిల్టర్ లేకుండా నడిపితే ఎంత మెమరీ ఇచ్చినా చాలదు.

పెర్ఫ్ విషయంలో పరిమితి వేరే చోట ఉంటుంది. ప్రత్యేక అనుమతులు లేని యూజర్‌కు ఒక్కో సీపీయూకు లాక్ చేసిన (స్వాప్‌లోకి పోనివ్వని) మెమరీ ఎంతవరకు ఇవ్వాలో ‘పెర్ఫ్_ఈవెంట్_ఎంలాక్_కేబీ’ అనే కెర్నల్ సెట్టింగ్ చెబుతుంది. మెమరీని నాలుగు కేబీల ముక్కలుగా (పేజీలుగా) పంచే సిస్టమ్‌లో దాని డిఫాల్ట్ విలువ 516: డేటాకు 128 పేజీలు, అంటే 512 కేబీ, నిర్వహణ సమాచారానికి ఇంకో పేజీ. డేటా పేజీల సంఖ్య 128, 256, 512 లాగా రెండు ఘాతంగానే ఉండాలి కనుక తర్వాతి మెట్టు ఎక్కాలంటే బఫర్‌ను రెట్టింపు చేయక తప్పదు. ‘-ఎం’ ఆప్షన్‌తో ఎక్కువ అడిగినప్పుడు పేజీలను మ్యాప్ చేయడానికి అనుమతి లేదనే ఎర్రర్ వస్తే, రూట్ అనుమతితో ఆ సెట్టింగ్‌ను పెంచాలి. రిపోర్ట్ తెరిచినప్పుడు కొన్ని భాగాలు పోయాయన్న హెచ్చరిక వస్తే బఫర్ పెంచడంతో పాటు శాంప్లింగ్ వేగాన్ని (సెకనుకు తీసే నమూనాల సంఖ్యను) తగ్గించి చూడాలి. డిస్కు నిరంతరం వెనకబడుతున్నప్పుడు పెద్ద బఫర్ నష్టాన్ని కాస్త ఆలస్యం చేస్తుందే తప్ప ఆపలేదు.

విండోస్‌లోని ఈటీడబ్ల్యూలో ఒక బఫర్ పరిమాణం, బఫర్ల సంఖ్య అని రెండు అంకెలుంటాయి. ఒక ఈవెంట్ హెడర్‌తో కలిపి 64 కేబీ దాటకూడదు. అది బఫర్ కంటే పెద్దదైనా నమోదు కాదు. కాబట్టి పెద్ద ఈవెంట్లు ఉంటే ముందు బఫర్ పరిమాణాన్ని, ఈవెంట్లు ఒక్కసారిగా వెల్లువెత్తుతుంటే బఫర్ల గరిష్ఠ సంఖ్యను పెంచాలి. విండోస్ పెర్ఫార్మెన్స్ రికార్డర్‌లో మెమరీ మోడ్, ఫైల్ మోడ్ అని ఉన్న విభజన పైన చెప్పిన రెండు రకాలకు సరిపోతుంది. ఏది వాడినా సెషన్ ముగిశాక పోయిన ఈవెంట్ల సంఖ్య సున్నా అని నిర్ధారించుకున్నాకే విశ్లేషణ మొదలుపెట్టాలి.

పని పూర్తయ్యాక ఎఫ్‌ట్రేస్ బఫర్‌ను 1408కి, పెర్ఫ్ పరిమితిని పాత విలువకు తిరిగి మార్చాలి. ట్రేసింగ్ ఆపినంత మాత్రాన ఎఫ్‌ట్రేస్ తీసుకున్న మెమరీ విడుదల కాదు, పరిమాణాన్ని తగ్గిస్తేనే అది తిరిగి సిస్టమ్‌కు అందుతుంది.