బీజింగ్‌లో ఒక శనివారం: పొద్దున పాండాలు, మధ్యాహ్నం పాత వస్తువుల సంత

బీజింగ్ జంతుప్రదర్శనశాలనూ, పాన్‌జియాయువాన్ పాత వస్తువుల సంతనూ ఒకే రోజున చూడదలచినవారు శనివారమో ఆదివారమో ఎంచుకోవాలి. సంతలోని పక్కా దుకాణాలు మామూలు రోజుల్లోనూ తెరిచే ఉంటాయి గానీ, నేలమీద గుడ్డ పరిచి సరుకు పెట్టే చిల్లర వర్తకుల సందడి వారాంతాల్లోనే ఎక్కువ. ఆ రోజుల్లో జంతుప్రదర్శనశాలకూ జనం పోటెత్తుతారు కాబట్టి టికెట్ ముందే తీసుకుని, పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలి. బయలుదేరేముందే ఫోనుతో డబ్బు చెల్లించే అలీపే యాప్‌లో అంతర్జాతీయ కార్డును జతచేసుకుంటే చిల్లర బాధ ఉండదు. నేలమీద కూర్చున్న వర్తకుడు కూడా క్యూఆర్ కోడే చూపిస్తాడు.

సంతకు తెల్లవారకముందే వెళ్లాలని చాలామంది చెబుతారు. టార్చిలైటు వెలుతురులో బేరాలు సాగే ఆ వేళకు దయ్యాల సంత అన్న పేరు కూడా ఉంది. అయినా నేను పాండాలకే మొదటి ఓటు వేస్తాను, ఎందుకంటే అవి పొద్దున పూట చురుగ్గా వెదురు నములుతూ కనిపిస్తాయి, మధ్యాహ్నమయ్యేసరికి వీపు మనవైపు తిప్పి నిద్రపోతాయి. పైగా కొన్న పింగాణీని చంకన పెట్టుకుని జంతువుల మధ్య తిరగడం ఎవరికీ సుఖం కాదు.

మెట్రో నాలుగో లైన్‌లో జంతుప్రదర్శనశాల పేరుతోనే స్టేషన్ ఉంది. పాండాల విభాగం కూడా కలిసిన టికెట్ తీసుకుని, గేట్లు తెరిచే వేళకే లోపలికి వెళ్లి, ముందుగా వాటి దగ్గరికే నడవాలి. ఆ తరువాత నీలిముఖం, బంగారు రంగు జూలు ఉన్న చైనా కోతులను తప్పక చూడాలి. 1906లో, చైనాను చివరగా ఏలిన చింగ్ రాజవంశపు ప్రభుత్వం వ్యవసాయ ప్రయోగక్షేత్రంగా నెలకొల్పిన స్థలమిది. రాజమాత త్సిషీ విడిది కోసం పాశ్చాత్య శైలిలో కట్టిన భవనం ఇప్పటికీ లోపలే ఉంది. పాత బోనులు కొన్ని ఇరుకుగా ఉండి మనసుకు కష్టం కలిగిస్తాయి, అక్కడ ఆగనక్కర లేదు. ఆవరణలోని అక్వేరియానికి వేరే టికెట్, వేరే పూట కావాలి.

భోజనం ముగించుకుని నాలుగో లైన్‌లోనే దక్షిణంగా జియావోమెన్ వెస్ట్ వరకు వెళ్లి, అక్కడ పదో లైన్‌కు మారితే పాన్‌జియాయువాన్ చేరవచ్చు. శాకాహారులు మాంసం, చేప, గుడ్డు వద్దని చైనీస్ లిపిలో ఫోనులో రాసిపెట్టుకోవడం అవసరం.

సంతలో చతురస్రపు రంధ్రమున్న రాగి నాణేలు, మావో బొమ్మ ఉన్న బ్యాడ్జీలు, లోపలివైపు చిత్రాలు గీసిన నశ్యం సీసాలు, జేడ్ అనే నగల రాయితో చేసిన గాజులు, కుంచెలు రాశులుగా కనిపిస్తాయి. పురాతనమని చెప్పే సరుకులో అధికభాగం కొత్తదేనని మనసులో పెట్టుకుని అడుగు వేయాలి. పింగాణీ గిన్నె అడుగున చింగ్ చక్రవర్తి పేరు ఉన్నంత మాత్రాన అది ఆ కాలపుది కాదు, ఎందుకంటే పాత ముద్రలను అనుకరించడం అక్కడ శతాబ్దాల నాటి అలవాటు. గిన్నెను బోర్లించి, మెరుగు పూయని అడుగు అంచును వేలితో తడిమి చూడండి: వాడకంతో అరిగిన అంచు ఒకచోట నున్నగా, ఒకచోట గరుకుగా ఉంటుంది, గరుకు కాగితంతో అరగదీసినదైతే ఒకే దిక్కున సన్నని గీతలు కనిపిస్తాయి. జేడ్ అన్నదాన్ని వెలుతురుకు ఎత్తి పట్టినప్పుడు లోపల గుండ్రని బుడగలు ఉంటే అది రాయి కాదు, గాజుతో చేసినదే.

బేరానికి భాష అడ్డం కాదు, వర్తకుడు కాల్‌క్యులేటర్ మీద ధర కొట్టి చూపిస్తాడు, మీరూ అలాగే కొట్టి చూపాలి. చార్మినార్ దగ్గర లాడ్‌బజార్‌లో గాజులు బేరమాడినవారికి ఈ ఆట కొత్త కాదు. చెప్పిన ధరలో పావువంతు దగ్గర మొదలుపెట్టి, కుదరకపోతే నవ్వుతూ లేచి నడవండి.

చైనా చట్టం ప్రకారం 1911కు ముందటి పురావస్తువులను సాధారణంగా దేశం దాటించనివ్వరు, 1949కు ముందటివాటికి ప్రభుత్వ పరిశీలన అవసరం. అందువల్ల నిజంగా పాతదని నమ్మి ఖరీదైనది కొనేవారు అనుమతి పొందిన దుకాణంలోనే రసీదుతో, ఎగుమతి అనుమతి తెలిపే ఎర్ర లక్కముద్రతో తీసుకోవాలి. దంతపు వస్తువులను ఎంత చవకగా ఇచ్చినా ముట్టుకోవద్దు. 2017 చివరి నుంచి అక్కడ ఏనుగు దంతం వ్యాపారం నిషిద్ధం, మన కస్టమ్స్ వారూ వదలరు.