కొత్త ఎగ్జాస్ట్ బిగించాక వచ్చే చప్పుళ్లు, వాసనలు, హెచ్చరిక లైట్లు: కారణాలు, పరిష్కారాలు

కంపెనీ ఇచ్చిన ఎగ్జాస్ట్ పైపును తీసి, బయట కొన్న పెర్ఫార్మెన్స్ పైపును ఇంట్లోనే బిగించుకున్నవారికి ఆఖరి బోల్టుతో పని పూర్తి కాదు. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడో, మొదటి స్పీడ్ బ్రేకర్ దగ్గరో, హైవే ఎక్కిన కాసేపటికో ఏదో ఒక కొత్త చప్పుడు వినిపిస్తుంది. వెంటనే చాలామంది సామాను నాసిరకమని తేల్చేస్తారు. అలాంటి సందర్భాలు లేకపోలేదు గాని, బోల్టులు బిగించిన వరుసలోనో, పైపు కూర్చున్న తీరులోనో లోపం ఉండడమే ఎక్కువ. చప్పుడు ఎలా ఉందన్నదానికంటే ఎప్పుడు వస్తోందన్నది ముందు గమనించాలి. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా, బండి నిలిచి ఉన్నప్పుడా, గుంతలో దిగినప్పుడా అన్నది తెలిస్తే వెతకవలసిన చోటు చాలా వరకు తగ్గిపోతుంది.

ఇక్కడ చెప్పేదంతా పెట్రోలు కార్లలో కేటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించే పెట్టె) తర్వాతి భాగాలకు, అంటే మధ్య పైపు, రెసొనేటర్ (కొన్ని ధ్వనులను అణిచే చిన్న డబ్బా), వెనక సైలెన్సర్, టిప్ (బయటికి కనిపించే పైపు కొస)లకు మాత్రమే వర్తిస్తుంది. కన్వర్టర్‌ను తీసేయడం, డీజిల్ బండిలో డీపీఎఫ్‌ను (మసిని పట్టే ఫిల్టర్‌ను) తీసేయడం ఈ పరిధిలోకి రావు. వాటిని చేయకపోవడమే మంచిది. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 182ఏ సెక్షను ప్రకారం అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఆరు నెలల వరకు జైలు గాని, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, రెండూ గాని పడవచ్చు. శబ్ద, వాయు కాలుష్య ప్రమాణాలు మీరితే 190వ సెక్షను కింద మొదటిసారే 10,000 రూపాయల వరకు జరిమానా ఉంటుంది. అందువల్ల చప్పుడు పెంచడమే లక్ష్యంగా పైపు కొనేవారు ఆ సంగతి ముందే లెక్కలో వేసుకోవాలి.

కారు కిందికి వెళ్లే ముందు జాగ్రత్తలు ఎవరికీ కొత్త కావు, కానీ వాటిని దాటవేయడం వల్లే ప్రాణాలు పోతాయి. జాకీ ఒక్కదాని మీద ఆనిన కారు కిందికి ఎట్టి పరిస్థితిలోనూ దూరకూడదు. గట్టి నేల మీద స్టాండ్లు పెట్టి, నేలమీద ఉన్న చక్రాలకు అడ్డు వేసి, కారును చేత్తో ఊపి చూసిన తర్వాతే కింద పడుకోవాలి. కన్వర్టర్ చల్లబడడానికి గంటలు పడుతుంది కనుక ఈ పని ఉదయం బండి తీయకముందు మొదలుపెట్టడం మేలు.

పాత పైపు ఊడి రావడం లేదు

బోల్టులు పట్టేయడానికి కారణం తుప్పు, ఏళ్ల తరబడి పడిన వేడి. ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి వదిలేయాలి. మర్నాడు ఆరు పలకల సాకెట్‌తో కాస్త వదులు చేసి, మళ్లీ కాస్త బిగించి, ఇంకాస్త వదులు చేస్తూ రావాలి. పన్నెండు పలకల సాకెట్ బోల్టు తల మూలలను అరగదీస్తుంది. బోల్టు విరిగితే విరగనివ్వండి. ఫ్లాంజ్ (రెండు పైపులు కలిసే చోటి చదునైన అంచు) బోల్టులను ఎలాగూ కొత్తవి వేయవలసిందే. కన్వర్టర్ వైపు ఫ్లాంజ్‌లోనే బిగిసి ఉండే స్టడ్ విరిగితే మాత్రం డ్రిల్ చేయించాలి, అక్కడ బలప్రయోగం వద్దు. పైపును కారు అడుగున వేలాడదీసే హ్యాంగర్ రబ్బర్లకు సబ్బునీళ్లు గాని సిలికాన్ స్ప్రే గాని చాలు. ఇంజన్ ఆయిల్ రాస్తే రబ్బరు ఉబ్బి పాడవుతుంది.

చల్లగా ఉన్నప్పుడు టిక్ టిక్, వేడెక్కాక మాయం

ఉదయం స్టార్ట్ చేయగానే ఇంజన్ వేగంతో పాటు పెరిగే టిక్ టిక్ శబ్దం వచ్చి, కొన్ని నిమిషాలలో తగ్గిపోతే అది దాదాపు ఎప్పుడూ ఏదో ఒక జాయింటు దగ్గర లీకే. చల్లగా ఉన్నప్పుడు ఉన్న సన్నని సందు, లోహం వేడికి వ్యాకోచించి మూసుకుపోతుంది. శబ్దం ఆగింది కదా అని వదిలేస్తే గ్యాస్కెట్ (జాయింటు మధ్య సందు మూసే పలుచని పొర) అంచు క్రమంగా కాలి, సందు వేడిలోనూ మూసుకోని స్థితి వస్తుంది.

లీకు ఎక్కడుందో చెవితో వెతకడం కష్టం, ఎందుకంటే శబ్దం పైపు పొడవునా పాకుతుంది. ఇంజన్ పూర్తిగా చల్లగా, ఆపి ఉన్నప్పుడు వాక్యూమ్ క్లీనర్‌లో గాలి ఊదే వైపు గొట్టాన్ని టిప్‌కు గుడ్డతో వదులుగా చుట్టి ఆన్ చేసి, ప్రతి జాయింటు మీద సబ్బునీళ్లు చల్లితే లీకు ఉన్నచోట బుడగలు లేస్తాయి. పాత గ్యాస్కెట్‌నే మళ్లీ వాడడం, ఫ్లాంజ్ ముఖం మీద పాత గ్యాస్కెట్ తునకలు మిగలడం, ఒక పక్క బోల్టును పూర్తిగా బిగించాక రెండోదాన్ని మొదలుపెట్టడం అన్నవే మామూలు కారణాలు. ముఖాన్ని వైరు బ్రష్‌తో శుభ్రం చేసి, కొత్త గ్యాస్కెట్ వేసి, రెండు బోల్టులను మార్చి మార్చి కొంచెం కొంచెంగా బిగించాలి. తయారీదారు ఇచ్చిన టార్క్ (బిగింపు బలం) అంకెనే పాటించాలి. అది దొరకకపోతే 8 మి.మీ. బోల్టుకు సాధారణంగా 20 నుంచి 25 న్యూటన్ మీటర్లు, 10 మి.మీ. బోల్టుకు 40 నుంచి 50 న్యూటన్ మీటర్లు సరిపోతాయి. స్ప్రింగుతో వచ్చే గుండ్రని గ్యాస్కెట్ జాయింటులో స్ప్రింగును పూర్తిగా నొక్కేయకూడదు, ఆ జాయింటు కదలడానికే స్ప్రింగు పెట్టారు.

ఒక పైపులో ఇంకో పైపు దూరే జాయింటులో లీకైతే, లోపలి పైపు తగినంత లోతుకు వెళ్లిందో లేదో ముందు చూడాలి. యూ ఆకారపు క్లాంపు పైపును ఒకచోట నొక్కి గుంట చేస్తుంది, తర్వాత విప్పడం కష్టమవుతుంది. వెడల్పాటి బ్యాండ్ క్లాంపు ఖరీదైనా అక్కడ పెట్టే డబ్బు వృథా కాదు.

గుంతల్లో, క్లచ్ వదిలేటప్పుడు కొట్టుకునే చప్పుడు

ఇంట్లో బిగించుకున్నవారికి ఎక్కువగా ఎదురయ్యేది ఇదే, దీనికి మూలం స్టాండ్ల మీద ఉండగా చూసుకున్న ఖాళీ. చక్రాలు వేలాడుతున్నప్పుడు వెనక యాక్సిల్ కిందికి జారి ఉంటుంది. ముందు చక్రాలు తిరిగే చిన్న కార్లలో చాలావాటికి పైపు ఆ యాక్సిల్ పైనుంచి వెళ్తుంది కనుక అప్పుడు బోలెడంత సందు ఉన్నట్టు కనిపిస్తుంది. కారు నేలమీదికి దిగగానే యాక్సిల్ పైకి లేస్తుంది, నలుగురు కూర్చుని గుంతలో దిగితే ఇంకా పైకి వస్తుంది. కాబట్టి ఆఖరి కొలత చక్రాల మీద బరువు ఉన్నప్పుడే తీసుకోవాలి. అందుకు చక్రాలు ఎక్కే ర్యాంపులు వాడడమే సులువు.

రెండో కారణం వ్యాకోచాన్ని లెక్కించకపోవడం. 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలు మీటరు పొడవుకు, ఒక్కో డిగ్రీ వేడికి మిల్లీమీటరులో సుమారు 0.017 వంతు పెరుగుతుంది. రెండు మీటర్ల పైపు సగటున 300 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 10 మి.మీ. వెనక్కి సాగుతుంది. చల్లగా ఉన్నప్పుడు బంపర్ అంచుకు 5 మి.మీ. దూరంలో అందంగా అమర్చిన టిప్, హైవే మీద ప్లాస్టిక్‌ను ముట్టుకుని కరిగించేది ఇందుకే. చుట్టూ కనీసం 15 మి.మీ. ఖాళీ ఉంచాలి. చల్లగా ఉన్నప్పుడు హ్యాంగర్ రబ్బర్లు కొద్దిగా ముందుకు వాలి ఉన్నా తప్పులేదు, వేడెక్కాక అవే నిలువుకు వస్తాయి.

తగిలే చోటును కనిపెట్టడానికి చల్లని పైపును పిడికిలితో వరుసగా తట్టి వినవచ్చు. దొరకకపోతే అనుమానం ఉన్న హీట్ షీల్డ్, సబ్‌ఫ్రేమ్ అంచుల మీద సుద్దముక్కతో రాసి, కాసేపు నడిపి వచ్చి, చల్లబడ్డాక ఎక్కడ సుద్ద చెరిగిందో చూడాలి. చోటు తెలిశాక ఆ ఒక్క క్లాంపునే వదులు చేసి పైపును బలంగా తోయడం ఉపయోగం లేని పని. నాలుగు రోజులకు అది మళ్లీ యథాస్థానానికి వస్తుంది. అన్ని జాయింట్లనూ చేత్తో తిరిగేంత వదులు చేసి, పైపు రబ్బర్ల మీద తన బరువుతో తాను వేలాడేలా వదిలి, ముందు నుంచి వెనక్కి ఒక్కొక్కటే తిప్పి సరిచేస్తూ అదే వరుసలో బిగించాలి. పాత రబ్బర్లు సాగి ఉంటే మార్చాలి. కొత్త సైలెన్సర్ బరువు ఎక్కువైతే గట్టి రబ్బర్లు కావాలి. క్లచ్ వదిలేటప్పుడు మాత్రమే ‘టక్’ మని వస్తుంటే ఇంజన్‌ను పట్టి ఉంచే మౌంట్లను కూడా చూడండి, ఇంజన్ అతిగా ఊగితే ఏ పైపైనా తగులుతుంది.

ఒకే వేగంలో చెవుల్లో గుయ్‌మనే హోరు

ఊళ్లో హాయిగా ఉండి, హైవే మీద ఒక వేగం దగ్గర క్యాబిన్ అంతా బరువుగా హోరెత్తుతుంటే అది డ్రోన్. ముందు ఇది ఎగ్జాస్ట్‌దేనా అని తేల్చుకోవాలి. రోడ్డు ఖాళీగా, తిన్నగా ఉన్నచోట అదే వేగంలో క్షణం పాటు న్యూట్రల్ చేస్తే హోరు పోయిందంటే ఎగ్జాస్ట్, పోలేదంటే టైర్లు లేదా బేరింగు. పైపు బాడీకి ఎక్కడైనా తగిలి ఉన్నా ఇలాగే వినిపిస్తుంది కనుక వెనకటి పరీక్షలు ముందు పూర్తి చేయాలి.

నాలుగు సిలిండర్ల ఇంజన్ ఒక్కో చుట్టుకు రెండుసార్లు పేలుతుంది. నిమిషానికి 2,400 చుట్ల దగ్గర అది సెకనుకు 80 సార్లు, అంటే 80 హెర్ట్జ్. ఇప్పటి చిన్న టర్బో కార్లలో తరచుగా కనిపించే మూడు సిలిండర్ల ఇంజన్‌లో అదే వేగం దగ్గర 60 హెర్ట్జ్ వస్తుంది. మంద్రమైన ఈ పౌనఃపున్యాలను సైలెన్సర్‌లో కుక్కే ఫైబర్ పెద్దగా పీల్చలేదు. అందుకే ‘ఇంకా పెద్ద మఫ్లర్ (సైలెన్సర్)’ అన్న సలహా చాలాసార్లు ఫలించదు. రెసొనేటర్ తీసేసిన కిట్ అయితే రెసొనేటర్‌ను తిరిగి పెట్టించడం మొదటి మెట్టు. అప్పటికీ పోకపోతే, ఒక చివర మూసిన పక్క పైపును వెల్డింగ్ చేయించాలి. దాని పొడవు ఆ ధ్వని తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉంటే, వెళ్లి వెనక్కి తిరిగి వచ్చిన తరంగం అసలు తరంగాన్ని రద్దు చేస్తుంది. పక్క పైపులోని వాయువు 150 డిగ్రీల దగ్గర ఉందనుకుంటే ధ్వని వేగం సెకనుకు సుమారు 410 మీటర్లు, కనుక 80 హెర్ట్జ్‌కు పొడవు 1.3 మీటర్ల చుట్టుపక్కల వస్తుంది. చిన్న కారు కింద అంత పైపుకు చోటు దొరకడం కష్టమే. చోటు లేకపోతే ఆ సైలెన్సర్‌ను అమ్మేసి నిశ్శబ్దమైన మోడల్ కొనడం మంచిదని నా అభిప్రాయం. వెల్డింగ్ చేయించేటప్పుడు బ్యాటరీ నెగటివ్ తీగ విప్పించి, వెల్డింగ్ ఎర్త్‌ను పైపుకే, పని జరిగే చోటుకు దగ్గరగా పెట్టించాలి.

ఇంజన్ లైట్ వెలిగింది

కన్వర్టర్ తర్వాతి పైపు మాత్రమే మార్చినప్పుడు ఈ లైట్ రాకూడదు. వచ్చిందంటే పని మధ్యలో ఆక్సిజన్ సెన్సర్ (పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే పరికరం) తీగ లాగబడి ఉండాలి, కనెక్టర్ సరిగా కూర్చోక ఉండాలి, లేదా తీగ వేడి పైపుకు ఆని కాలి ఉండాలి. స్కానర్‌లో పి0136, పి0141 కోడ్‌లు కన్వర్టర్ తర్వాత ఉండే వెనక సెన్సర్, దాని హీటర్ సర్క్యూట్లకు సంబంధించినవి. పి0420 కన్వర్టర్ సామర్థ్యం తగ్గిందని చెబుతుంది, కానీ వెనక సెన్సర్ దగ్గర జాయింటు లీకై బయటి గాలి లోపలికి పీల్చుకున్నా ఇదే కోడ్ రావచ్చు. కాబట్టి కన్వర్టర్‌ను నిందించేముందు లీకు సరిచేసి, కోడ్ చెరిపి, కొన్నాళ్లు నడిపి చూడాలి. సెన్సర్‌ను దూరం జరిపి కోడ్ రాకుండా చేసే స్పేసర్లు అమ్ముతారు. అది మోసమే తప్ప మరమ్మతు కాదు. జాయింటుకు సిలికాన్ పేస్టు వాడితే సెన్సర్‌కు హాని చేయని రకమే వాడాలి.

పొగ, కాలిన వాసన

మొదటి పదిహేను ఇరవై నిమిషాలు పలుచని పొగ రావడం సహజం. పైపు తయారీలో మిగిలిన నూనె, చేతి జిడ్డు కాలుతాయి. బిగించకముందే అసిటోన్‌తో తుడిస్తే అది కూడా ఉండదు, వేలిముద్రలు శాశ్వతంగా పడవు. ఆ తర్వాతా వాసన ఆగకపోతే రబ్బరు గాని, అడుగున పూసిన కోటింగ్ గాని, తీగ గాని పైపుకు ఆనుకుని ఉందన్నమాట.

వాసన క్యాబిన్ లోపలికి వస్తుంటే మాత్రం బండి నడపకూడదు. ఎగ్జాస్ట్ పొగలో కలిసి ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. తలనొప్పి, మగత, వాంతి భావన దాని మొదటి గుర్తులు. కిటికీలన్నీ దించి, బండి ఆపి, బయటికి రావాలి. టిప్ బంపర్ అంచు దాటి రాకుండా లోపలే ఆగిపోవడం, డిక్కీ తలుపు రబ్బరు సరిగా ఆనకపోవడం, ముందు జాయింటు లీకు కావడం అన్న మూడింటినీ సరిచేశాకే తిరిగి నడపాలి. లీకు పరీక్షలు కూడా షట్టరు వేసిన గ్యారేజీలో ఇంజన్ ఆన్ చేసి చేయకూడదు.

పికప్ తగ్గినట్టుంది

టర్బో లేని ఇంజన్‌కు వెనక పైపు మార్చడం వల్ల వచ్చే లాభం చాలా తక్కువ. అవసరానికి మించి వెడల్పాటి పైపు వేస్తే వాయువేగం పడిపోయి తక్కువ ఆర్‌పీఎంలో బండి మందకొడిగా మారవచ్చు. ఇంజన్ పరిమాణానికి తగిన వ్యాసమే ఎంచుకోవడం తప్ప దీనికి వేరే మందు లేదు. నిజంగానే ఊపిరాడనట్టు బండి లాగకపోతే, పని చేసేటప్పుడు పైపులో కుక్కిన గుడ్డ తీశారో లేదో చూడండి. నవ్వులాటగా అనిపించినా మెకానిక్కులు మొదట అడిగే ప్రశ్నల్లో ఇదొకటి.

మరమ్మతు అక్కర్లేనివి

టిప్ నుంచి నీటి చుక్కలు పడడం లోపం కాదు. లీటరు పెట్రోలు కాలితే దాదాపు లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది, చల్లని పైపులో అది చుక్కలు కడుతుంది. స్టెయిన్‌లెస్ పైపు మొదటి వారాల్లో బంగారు, నీలి రంగులకు తిరగడం ఉపరితల ఆక్సైడ్ వల్లే. 409 రకం స్టీలు మీద గోధుమరంగు తుప్పు పొర పైపైనే ఉంటుంది, దానికి పాలిష్ అవసరం లేదు. వెల్డింగ్ గీత వెంట నల్లని మసి చార కనిపిస్తే మాత్రం అది రంగు మార్పు కాదు, లీకు. ఆ పైపును కొన్నచోటికే వెనక్కి ఇచ్చేయాలి.